నడిచొచ్చిన ఇల్లు

బిరుదులు రెండు రకాలు. పెద్దలు వేదిక ఎక్కించి ఇచ్చేవి కొన్ని, పిల్లలు వెనకాల నిలబడి పెట్టేవి కొన్ని. మొదటి రకానికి అద్దం కట్టించి గోడకు తగిలిస్తారు. మేకు ఊడిన రోజున బిరుదూ ఊడుతుంది. రెండో రకం అలా ఊడదు. అందులోనూ అది ‘జిగురు’ అయినప్పుడు బొత్తిగా ఊడదు. పిల్లల హాలులో సాయంత్రం పూట చేతిపనులు నేర్పే ఆవిడకు జిగురు టీచర్ అన్న పేరు ఏ తరం పిల్లలు పెట్టారో గానీ, ఇప్పుడు సొంత భర్త కూడా ఫోనెత్తి, “జిగురు టీచర్ లేరండీ, హాలుకెళ్ళారు” అంటాడు.

ఆవిడ పని వినడానికి తేలిక. పిల్లల చేత తొడుక్కునే బొమ్మలు చేయించడం. బొమ్మను చేతిలో పట్టుకుని ఆడుకోవడం లోకరీతి. బొమ్మలోకి దూరి నడిచిపోవడం ఆవిడ రీతి. పాత అట్టపెట్టెలు, పాత దినపత్రికలు, సన్న తీగ, చినిగిన దుప్పట్లు, మైదా జిగురు, ఇంతే సరంజామా. అట్టను బద్దలుగా కోసి, పిల్ల భుజాల చుట్టూ నడుం చుట్టూ కొలిచి చట్రం కట్టాలి. దాని మీద పత్రిక పీలికలు జిగురులో ముంచి ఒక పొర నిలువుగా, ఒక పొర అడ్డంగా, మళ్ళీ నిలువుగా అతికించాలి. ఆరాక రంగు, రంగు ఆరాక భుజాలకు పట్టీలు, కళ్ళు వచ్చే చోట రంధ్రం కోసి పల్చటి గుడ్డ. తొడుగు తయారు. లోకక్షేమం కోరి రాసిన సంపాదకీయాలు ఎవరికైనా నిజంగా పనికొచ్చిన సందర్భం ఇదొక్కటే కావచ్చు.

ఆ గదిలో శాసనాలు రెండే. మొదటిది, చూసి చేయకూడదు, తలుచుకుని చేయాలి. ఏనుగు చేస్తూ ఎవడైనా ఏనుగు ఫొటో పట్టుకొస్తే, “ఫొటోలో ఏనుగు ఎలాగూ ఉంది కదరా, ఇంక మధ్యలో నువ్వెందుకు?” అని లాక్కునేది.

రెండోది, తడితే తట్టాలి. దీనికి చరిత్ర ఉంది. వెనకటికి ఒక పిల్ల గుమ్మడికాయలో దూరి అందులోనే నిద్రపోయింది. హాలంతా వెతికారు, వీధంతా వెతికారు. చివరికి హాలు సెక్రటరీగారు ఆ గుమ్మడికాయ మీదే కాఫీ కప్పు పెట్టుకుని పోలీసులకు ఫోన్ చేశారు. అప్పటినుంచి ఎవరు తొడుగులో దూరినా, టీచర్ వెనక నుంచి వచ్చి వీపు మీద రెండు వేళ్ళతో రెండుసార్లు తడుతుంది. లోపలివాళ్ళు రెండుసార్లు తట్టి జవాబు చెప్పాలి. జవాబు రాకపోతే రంగు పోయినా సరే, అందం పోయినా సరే, ఆ క్షణాన చించేయడమే.

జిగురు మాత్రం హాలులో కాచరు. ఇంట్లో ఆవిడ తల్లి కాస్తుంది. మైదాను చన్నీళ్ళలో ఉండ కట్టకుండా కలిపి, మరుగుతున్న నీళ్ళలోకి సన్నగా పోస్తూ, తెల్లటిది కాస్తా అద్దంలా మారేదాకా ఒకే వైపు తిప్పాలి. దించాక బూజు పట్టకుండా రెండు చుక్కల లవంగనూనె. ఏ వైపు తిప్పడం మొదలుపెడితే ఆ వైపే. మధ్యలో ఎవరు పలకరించినా పలకదు. పెదాలు మాత్రం కదులుతూ ఉంటాయి.

“అత్తయ్యగారి ఆలోచనలన్నీ ఆ గిన్నెలోకే దిగుతాయి. అందుకే అంత గట్టిగా పట్టేస్తుంది,” అనేవాడు అల్లుడు. ఆయన రిటైరైన బస్సు కండక్టరు. హాస్యమాడానని ఆయన అభిప్రాయం. అంత కచ్చితమైన మాట తన జన్మలో ఇంకొకటి అనలేదని ఆయనకు తెలియదు.

ముసలావిడ మెడలో నల్లదారానికి ఒక ఇనప తాళంచెవి వేలాడుతూ ఉంటుంది. పిల్లలు తాళంచెవి బామ్మ అంటారు. ఆ చెవికి తాళం లేదు, తాళానికి తలుపు లేదు, తలుపుకు ఇల్లు లేదు. ఏటి ఒడ్డున దిగువ వీధిలో ఒకప్పుడు ఉండేది. ఎగువ నుంచి నీళ్ళు వదులుతున్నారని మైకులో చెప్పిన రోజున, పసిపిల్లను చంకనేసుకుని, మొగుడితో కలిసి మిట్టకు బయల్దేరింది. మిట్ట మీదకు తల్లీ పిల్లా చేరారు. దిగువ వీధి మర్నాటికి లేదు. మొగుడూ లేడు.

ఆయన అట్టపెట్టెల ఫ్యాక్టరీలో గేటు కాపలా మనిషి. గస్తీ తిరుగుతూ కర్రతో గేటును కొట్టేవాడట: రెండు దెబ్బలు వెంటవెంటనే, కాస్త ఆగి ఒకటి. అంతా క్షేమం అని దానికి అర్థం. డ్యూటీ దిగి ఇంటికొచ్చినా తలుపు అలాగే తట్టేవాడు. చంకలోని ఆ పసిపిల్లే మన జిగురు టీచర్. తండ్రి గురించి ఆవిడకు మిగిలినవి ఆ చప్పుడూ, ఒక ఒడిలో కూర్చున్న గుర్తూ. మిగతాదంతా ఒకే మాట. “నాన్నేడి?” అని ఎప్పుడు అడిగినా తల్లి, “డ్యూటీకెళ్ళాడు” అనేది. పెద్దయ్యాక అడగడం మానేసింది. డ్యూటీలో ఉన్న మనిషిని ఎంతకని పిలుస్తాం?

అయితే ప్రతిరోజూ దీపాలు వెలిగే వేళకు ముసలావిడ గుమ్మం వైపు తిరిగి ఒక ప్రశ్న వేస్తుంది.

“తాళం వేశానా?”

“రైట్, రైట్!” అంటాడు అల్లుడు, పేపరులోంచి తలెత్తకుండా. ఆ మాటతో ఎన్ని బస్సులు కదిలించాడో, అత్తగారి ప్రశ్న కూడా అలాగే కదిలి వెళ్ళిపోతుంది. మర్నాడు సాయంత్రం మళ్ళీ అదే స్టాపులో వచ్చి ఆగుతుంది.

ఈ ఏటి వార్షికోత్సవానికి సెక్రటరీగారు ‘మన ఇల్లు’ అన్న అంశం ప్రకటించారు. ప్రకటించడంలో ఆయనను మించినవారు లేరు. టీచర్ పిల్లలను కూర్చోబెట్టి చెప్పింది: “ఇల్లంటే గోడలు కాదు, వస్తువులు. ఒక్కొక్కరూ ఒక వస్తువు అవ్వండి. అందరూ నడిచొచ్చి వేదిక మీద వరసగా నిలబడండి. చూసి కాదు, తలుచుకుని చెయ్యాలి. తెలిసిందా?”

ఎవరి ఇల్లు తలుచుకోవాలో చెప్పలేదు. అంత చిన్న విషయం కూడా చెప్పాలని ఎవరికి తోస్తుంది?

టీచర్ మొదట తేడా పసిగట్టింది ప్రశ్న దగ్గర. ప్రశ్న అంటే పిల్లవాడే. అడగడం ఆపడు కాబట్టి ఆ పేరు. వాడు స్టవ్వు చేస్తున్నాడు.

“టీచర్, ఈ కాలు కింద బిళ్ళ అతికించనా?”

“ఎందుకురా?”

“లేకపోతే ఊగుతుంది కదా?”

“మీ ఇంట్లో స్టవ్వు ఊగుతుందా?”

“మాది గ్యాస్ స్టవ్వు టీచర్. దానికి కాళ్ళెక్కడివి? ఇది కిరసనాయిలు స్టవ్వు.”

“కిరసనాయిలు స్టవ్వు నువ్వెప్పుడు చూశావు?”

“చూసి చేయకూడదన్నారుగా!” అన్నాడు వాడు, న్యాయస్థానంలో చట్టం చదివి వినిపించినట్టు.

టీచర్ అక్కణ్ణుంచి జరిగింది. పక్కన తుమ్ములరాజు కుర్చీ చేస్తున్నాడు. ఏడాది పొడుగునా జలుబుతో ఉండే ఈ మహానుభావుడు చేసిన ఏ వస్తువైనా తుమ్ము తుమ్ముకూ ఒక వైపు ఒరిగిపోవాలి. ఈసారి ఒరగలేదు. చేతుల కుర్చీ, కర్రది, వెడల్పాటిది. ఎడమ చెయ్యి విరిగితే తీగ చుట్టి కట్టినట్టు చేశాడు.

“ఇదెందుకు విరిగింది?”

“నేను కూర్చుంటే విరిగింది టీచర్,” అన్నాడు. అని, తనే అయోమయంగా చూసి, “నేను కాదు” అని దిద్దుకుని, తుమ్మాడు.

టీచర్ వేలు తనంతట తాను ఆ తీగ చుట్టూ తిరిగింది. తీగ కొస ఎక్కడుందో, అది గుచ్చుకోకుండా ఎలా వంచి ఉందో వేలికి ముందే తెలుసు. ఒడిలో కూర్చున్న పసిపిల్లకు ఆడుకోవడానికి అందే ఎత్తులో ఉంది అది.

మూలన గుసగుస తలుపు చేస్తోంది. ఆ పిల్ల గొంతు ఎవరూ వినలేదు. ఏం చెప్పినా చెవి దగ్గరకొచ్చి గాలి ఊదినట్టు చెబుతుంది. అట్టతో, ఒక పక్క నిలువులో తను దూరేలా నిలువెత్తు చట్రం, దానికి గుడ్డ పీలికల బందులతో నిజంగా తెరుచుకునే తలుపురెక్క, రెక్కలో తాళం రంధ్రం. ఆ రంధ్రం కోసం కత్తెర వాడలేదు. తడి కాగితంలో చిటికెన వేలు పెట్టి, గుండ్రంగా, ఓపికగా తిప్పుతూ కూర్చుంది. ఒకే వైపు.

తొడుగులన్నీ పూర్తయ్యాక వెనక గదిలో కొక్కేలకు వేలాడదీశారు. మంచం, కిటికీ, గోడగడియారం, స్టవ్వు, కుర్చీ, తలుపు. మామూలుగా అయితే రెండు ఎండలకు ఆరి డప్పులా మోగాలి. ఇవి ఆరలేదు. పంకా పెట్టారు, కిటికీలు తెరిచారు, ప్రశ్న నోటితో కూడా ఊదాడు. ఆరకపోగా వరస పొడుగునా అన్నిటి మీదా ఒకే ఎత్తులో ఒక తడి గీత పడింది, స్కేలు పెట్టి గీసినట్టు. మంచం మీద ఎక్కడుందో, పక్కనున్న కుర్చీ మీదా అక్కడే. లవంగాల వాసన పోయి ఒండ్రు వాసన వస్తోంది.

సెక్రటరీగారు వచ్చి చూసి, “వాతావరణంలో తేమ,” అని తీర్పు చెప్పి, చెప్పినందుకు తృప్తి పడి వెళ్ళారు.

ఆ సాయంత్రం పిల్లలు వెళ్ళాక టీచర్ గది ఊడ్చి, పోతూ పోతూ అలవాటు చొప్పున ఖాళీ కుర్చీ వీపు మీద రెండుసార్లు తట్టింది. తట్టినట్టు తనకే తెలియదు. గుమ్మం దాకా వెళ్ళాక వెనక నుంచి వినిపించింది. రెండు వెంటవెంటనే. కాస్త ఆగి ఒకటి.

కాగితం ఆరేటప్పుడు బిగుసుకుని చప్పుడు చేస్తుంది. ఇది అనుభవం మీద ఎవరైనా చెప్పగల సంగతి. టీచర్ దాన్నే తలుచుకుంటూ, వెనక్కి తిరగకుండా, గబగబా మెట్లు దిగింది. ఈ కాగితం అసలు ఆరడమే లేదన్న సంగతి వీధి మలుపు తిరిగాక గుర్తొచ్చింది.

మర్నాడు కండక్టరుగారి నడుం పట్టేసింది. జిగురు డబ్బా మోసుకుని ముసలావిడే హాలుకు వచ్చింది. కూతురు పనిచేసే చోటికి ఆవిడ రావడం అరుదు. “అట్టలతో ఆడుకునేది చూడ్డానికి నేను కూడా ఎందుకు?” అనేది. డబ్బా బల్ల మీద పెట్టి, వెనక గదిలోకి తొంగిచూసింది.

కెవ్వుమనలేదు. కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. చాలాకాలం తర్వాత ఊరి నుంచి వచ్చిన ఇల్లాలు పనిమనిషి సర్దిన గదిని ఎలా చూస్తుందో అలా చూసింది.

“గడియారం ఇక్కడ కాదు. కిటికీ ఆ పక్క ఉండాలి. స్టవ్వు కాలు కింద బిళ్ళ పెట్టారా? ఆఁ, పెట్టారు.” తలుపు దగ్గర ఆగింది. “ఇది బయటికి తెరుచుకుంటోందేమమ్మా? లోపలికి కదా తెరుచుకోవాలి.”

గుసగుస వచ్చి ఆవిడ చెవిలో ఏదో ఊదింది. పక్కనున్న టీచర్‌కు కూడా వినిపించని ఆ మాటకు ముసలావిడ తలూపింది. “అవును, నువ్వన్నది నిజమే. బందులు లోపలివైపుకి మార్చు, సరిపోతుంది.”

టీచర్ తల్లి చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. “అమ్మా, ఇదేంటి?”

“ఏంటంటావేం? మనిల్లు.”

“ఈ పిల్లలు పుట్టకముందే పోయిందమ్మా అది.”

“పోయిందని ఎవరన్నారు? నీళ్ళొచ్చాయి అన్నారు అంతే.” తాళంచెవిని బొటనవేలితో నిమురుతూ కూర్చుంది. “మీ నాన్న డ్యూటీకెళ్ళలేదే. సగం దారిలో నేనే అన్నాను, తాళం వేశానో లేదో అని. ‘నువ్వు పద, నేను చూసొస్తా’ అన్నాడు. వెళ్ళాడు.”

“తాళంచెవి ఇచ్చావా?”

“అదేగా నా ఏడుపు! ఆయన అడగలేదు, నేను ఇవ్వలేదు. బుద్ధి గడ్డి తినడమంటే అదే. తాళం వేసి ఉంటే లాగి చూసి వచ్చేసేవాడు. రాలేదంటే వేయలేదనేగా? తాళం వేయని ఇల్లు వదిలేసి వస్తాడా ఆయన? కాపలా మనిషి. తాళంచెవి వచ్చేదాకా కుర్చీ వేసుకుని కూర్చుంటాడు.”

“అమ్మా, నీళ్ళొచ్చాయి కదమ్మా!”

“నీళ్ళొస్తే మాత్రం? డ్యూటీ డ్యూటీయే. నేను వెళ్ళి తాళం వేస్తేనే ఆయన దిగేది. వెళ్దామంటే ఇల్లేదీ, తలుపేదీ?” వేలాడుతున్న తొడుగుల వైపు చూసి, ఎవరో ఆలస్యంగా వచ్చిన చుట్టాన్ని మన్నించినట్టు అంది. “పోనీలే, ఇప్పటికైనా అదే వచ్చింది.”

ఆ మాట పట్టుకుని టీచర్ లెక్క వేసింది. తాళం వేయాలంటే తలుపు దాకా వెళ్ళాలి. తలుపు దాకా వెళ్ళిన మనిషి బయటి నుంచి వేస్తుందా, లోపలికి వెళ్ళి వేసుకుంటుందా? ఇన్నేళ్ళూ ఒక మనిషిని కాపలాలో కూర్చోబెట్టానని కుమిలిపోయిన ఆవిడకు, ఆ మనిషి పక్కన కూర్చోవాలనిపించదా? ఉన్న ఒక్క తల్లి కూడా డ్యూటీకెళ్ళిపోతే?

తల్లిని ఇంటికి పంపి, సెక్రటరీగారి గదికి పరుగెత్తింది. “సార్, ఈసారి మన ఇల్లు వద్దు. చేపలు చేద్దాం, పిట్టలు చేద్దాం.”

“జిగురు టీచర్ గారూ,” అన్నారాయన కళ్ళజోడు తీసి. కళ్ళజోడు తీస్తే ఉపన్యాసమే. “ఆహ్వానాలు వెళ్ళిపోయాయి. ముఖ్య అతిథిగారు గృహనిర్మాణ రంగంలో ప్రముఖులు. వారి ముందు పిట్టలను నడిపించమంటారా? ఇల్లు అన్నది ఒక భావన. భావనకు తడి అంటదు.”

భావన సంగతి ఎలా ఉన్నా వెనక గదిలో నేలకు మాత్రం అంటింది. టీచర్ వెళ్ళి తలుపుకున్న తాళం రంధ్రాన్ని పీలికలతో మూసేసింది. నిలువుగా ఒక పొర, అడ్డంగా ఒకటి, నిలువుగా ఇంకొకటి. మర్నాడు వచ్చేసరికి పీలికలు మూడూ నేల మీద తడిగా, పద్ధతిగా, ఒకదాని పక్కన ఒకటి పడి ఉన్నాయి. రంధ్రం నోరు తెరుచుకుని చూస్తోంది. జిగురు టీచర్ అతికించింది ఊడిపోవడం హాలు చరిత్రలో అదే మొదలు. చరిత్ర రాసేవాళ్ళు లేరు కాబట్టి నలుగురికీ తెలియలేదు.

వార్షికోత్సవం నాటి మధ్యాహ్నం తుమ్ములరాజు తల్లి ఫోన్ చేసింది. “వాడికి ఒళ్ళు కాలిపోతోందండీ, రాలేడు. ఒకటే కలవరింతలు. ఎవరో తన కుర్చీలో కూర్చున్నారంట.”

“పడుకోనివ్వండి. కుర్చీ లేకపోయినా పరవాలేదు,” అంది టీచర్. అంతకంటే శుభవార్త ఆవిడ ఆ వారంలో వినలేదు. కుర్చీని వెనక గదిలో కొక్కేనికే వదిలేసి, మిగతా పిల్లలను తొడుగుల్లోకి దించింది. అందరికీ నల్ల మేజోళ్ళు, నల్ల చేతితొడుగులు, వస్తువే తప్ప పిల్ల కనిపించకుండా. ముందు వరసలో ఆవిడ భర్త నడుముకు దిండు పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన ముసలావిడ, ఉతికిన బట్టల్లో, జుట్టు నున్నగా దువ్వుకుని, ప్రయాణానికి సిద్ధమైనట్టు.

నేర్పింది ఇదీ: వేదిక చుట్టూ ఒక్కసారి తిరగాలి, వరసగా నిలబడాలి, వంగి నమస్కరించాలి.

తెర లేచింది. స్టవ్వు వచ్చింది, మంచం వచ్చింది, కిటికీ, గడియారం. వరసగా నిలబడలేదు. ఎవరూ ఎవరినీ తగలకుండా, చీకట్లో కూడా దారి తెలిసిన ఇంట్లో తిరిగినట్టు, ఎవరి చోటికి వాళ్ళు వెళ్ళారు. మంచం గోడ వైపు, తలాపున కిటికీ. గడియారం వేదిక మీదున్న బల్లెక్కి నిలబడింది. తలుపు వచ్చి వేదిక అంచున ఆగింది. చూస్తుండగానే ఒక గది అయిపోయింది. మనుషులు ఇప్పుడే లేచి వెళ్ళినట్టున్న గది.

“అదీ. అక్కడే,” అంది ముసలావిడ ముందు వరసలోంచి.

గది మధ్యలో కొంచెం జాగా మిగిలింది. అప్పుడు పక్క తెర కదిలి, కుర్చీ వచ్చింది.

తుమ్ములరాజు నడక అందరికీ తెలుసు. రెండడుగులకొకసారి ఆగి ముక్కు తుడుచుకుంటాడు. ఈ కుర్చీ ఆగలేదు. తొందర లేకుండా, గస్తీ తిరిగే మనిషిలా సమంగా నడిచి, జాగాలోకి వచ్చి, తలుపుకు ఎదురుగా తిరిగి కుదురుకుంది. దాని కింద మేజోళ్ళు కనిపించలేదు. అది నడిచిన దారి మాత్రం తడిసింది.

టీచర్ ఆ తడి దారిని చూసింది. అయినా శాసనం శాసనమే, ఆవిడ చేసిందే. వేదిక వెనక నుంచి వచ్చి ఒక్కో తొడుగునూ తట్టింది. మంచం తట్టింది. కిటికీ తట్టింది. ప్రశ్న అయితే తట్టి, “టీచర్, కుర్చీలో ఎవరు?” అని లోపలి నుంచి అడిగాడు కూడా. చివరికి కుర్చీ వెనక నిలబడింది. తట్టకుండా పోవచ్చు. ఎవరూ అడగరు. రెండు వేళ్ళు ముందుకు చాచి, రెండుసార్లు తట్టింది.

రెండు వెంటవెంటనే. కాస్త ఆగి, ఒకటి.

ఆ చప్పుడు ముందు వరస దాకా వెళ్ళింది. ముసలావిడ లేచి వేదిక మెట్లెక్కుతోంది. టీచర్ పరుగున వచ్చి తలుపు దగ్గర తల్లి చెయ్యి పట్టుకుంది. జనం చూస్తున్నారన్న ధ్యాస కూడా లేదు.

“అమ్మా, బయటి నుంచే వెయ్యి. నీకు దండం పెడతాను, లోపలికి మాత్రం వెళ్ళకు.”

ముసలావిడ కూతుర్ని ఎగాదిగా చూసింది. “లోపలి నుంచి వేసుకుంటే మళ్ళీ నాకు తీసేదెవరే, పిచ్చిమొహమా? పొద్దున్నే జిగురెవరు కాస్తారు?”

అప్పుడు తలుపు మాట్లాడింది. గుసగుస గొంతు అంత గట్టిగా ఉంటుందని ఎవరూ ఎరగరు.

“లోపల ఒకాయన ఉన్నారు బామ్మా. చాలాసేపట్నుంచి కూర్చున్నారు.”

“తెలుసు తల్లీ. ఆయన కోసమే వచ్చాను.”

అట్టరెక్క లోపలికి తెరుచుకుంది. ముసలావిడ గడప బయటే నిలబడి, తల కూడా లోపలికి పెట్టకుండా, సరుకులు మరిచిపోయి వచ్చినదానిలా నసిగింది. “ఇదిగో, తాళంచెవి తెచ్చాను. కాస్త ఆలస్యమైంది. ఇంక చాలు, లేవండి.”

కుర్చీ లేచింది. తలుపులోంచి బయటికి వచ్చి, తల్లీకూతుళ్ళ మధ్య నుంచి వెళ్ళింది. ఎడమ చెయ్యి దగ్గరకు వచ్చినప్పుడు టీచర్ వేలు ఆ తీగను ఒక్కసారి తాకింది. చల్లగా ఉంది. ఏటి నీళ్ళంత చల్లగా. కుర్చీ అరక్షణం ఆగినట్టే ఆగి, పక్క తెరలోకి వెళ్ళిపోయింది.

ముసలావిడ రెక్క లాగి, మెడలోంచి దారం తీసి, చెవిని రంధ్రంలో పెట్టి తిప్పింది. అట్ట, పత్రిక, మైదా. వాటికి చప్పుడేముంటుంది? కానీ చివరి వరసలో నిలబడ్డవాళ్ళకు కూడా ఇనప నాలుక ఇనప గాడిలో పడ్డ మోత ఖణేల్మని వినిపించింది. ఆవిడ రెక్కను ఒకసారి నెట్టి చూసింది. మళ్ళీ ఒకసారి నెట్టి చూసింది.

“వేశాను,” అంది.

చప్పట్లతో హాలు దద్దరిల్లింది. సెక్రటరీగారు కళ్ళజోడు తీసి, ఇంత సహజమైన నటన తాము చూడలేదనీ, ముఖ్యంగా కుర్చీ పాత్రధారి తనను తాను పూర్తిగా మరుగుపరుచుకున్నాడనీ కొనియాడి, ఉత్తమ నటుడి బహుమతి తుమ్ములరాజుకు ప్రకటించారు. ఇంటి దగ్గర తుమ్ములరాజుకు అదే సమయానికి చెమట పట్టి జ్వరం దిగిందని తర్వాత తెలిసింది.

టీచర్ వెనక గదికి పరుగెత్తింది. కుర్చీ కొక్కేనికే వేలాడుతోంది. ముట్టుకుంటే డప్పులా ఆరి ఉంది. తడి గీత లేదు. లవంగాల వాసన. రెండు వేళ్ళతో తట్టింది. జవాబు లేదు. జవాబు రాకపోతే చించేయాలన్నది శాసనం. ఆవిడ చించలేదు.

ఇంటికి చేరేసరికి దీపాలు వెలిగే వేళైంది. కండక్టరుగారు పేపరు తీసి, అలవాటు చొప్పున ‘రైట్, రైట్’ను నాలుక చివర సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాడు. ముసలావిడ ఏమీ అడగలేదు. మెడ బోసిగా ఉంది. తాళంచెవి ఆ తలుపులోనే వదిలేసి వచ్చింది. కిటికీ దగ్గర కూర్చుని మర్నాటికి మైదా జల్లిస్తోంది. అల్లుడు పేపరు మడిచాడు. మళ్ళీ విప్పాడు. చివరికి ఉండబట్టలేక అడిగాడు.

“అత్తయ్యా, తాళం వేశారా?”

“ఆఁ.”

ఆయన ఆగిన బస్సులో ఒంటరిగా మిగిలిన కండక్టరులా భార్య వైపు చూశాడు. టీచర్ మోచేతుల మీద ఎండిపోయిన జిగురు గోక్కుంటోంది. ఎన్నాళ్ళ తర్వాతో ఆవిడకు ఆకలేసింది. తల్లి ఎదురుగా ఉంది, మైదా పొడి ముక్కు మీద పడితే మోచేత్తో తుడుచుకుంటోంది. ఇంకేం కావాలి?

అప్పుడు వీధి తలుపు మీద చప్పుడైంది.

రెండు వెంటవెంటనే. కాస్త ఆగి ఒకటి.

“ఈ వేళప్పుడు ఎవరబ్బా?” అని కండక్టరుగారు నడుం పట్టుకుని లేవబోయాడు.

“మీరు కూర్చోండి అల్లుడుగారూ, నేను తీస్తాను,” అంది ముసలావిడ. జల్లెడ పక్కన పెట్టింది. చేతులకు అంటిన పిండి దులుపుకుంది. జుట్టు ఒకసారి సవరించుకుని వెళ్ళి, గడియ తీసింది. వీధిలోంచి ఒండ్రు వాసన చల్లగా లోపలికి వచ్చింది. గుమ్మం అవతల ఎవరున్నారో కూతురికి కనిపించలేదు. తల్లి వీపు అడ్డంగా ఉంది. ఆ వీపు వైపు చూస్తూనే, తట్టబోయినట్టు కూతురి రెండు వేళ్ళూ ముడుచుకున్నాయి.

ముసలావిడ పైనుంచి కింద దాకా ఒకసారి చూసింది. చూసి, గోడవారగా ఉన్న గోనెపట్టాను కాలితో గుమ్మంలోకి జరిపింది.

“కాళ్ళు తుడుచుకుని రండి,” అంది.